రెండో గొడుగు

దాశరథీ శతకం పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేసిన మనిషి రాసింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే, చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేసిన పద్యమొకటి వేరేగా వినబడుతుంది. యమకింకరులు వాకిట్లోకి వచ్చినప్పుడు, జబ్బు ముదిరి గొంతులో కఫం నిండినప్పుడు, అయినవాళ్లు మంచం చుట్టూ మూగినప్పుడు రాముడు జ్ఞాపకం వస్తాడో రాడో చెప్పలేనని, అందుకే అప్పటి భజన ఇప్పుడే కానిచ్చేస్తున్నానని కంచెర్ల గోపన్న ఆ స్వామికే విన్నవించుకుంటాడు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచలో శిస్తులు వసూలు చేసి, ఆ సొమ్ముతో భద్రాద్రి మీద గుడి కట్టించి, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని మనం చెప్పుకునే గోపన్న ఆయనే. సర్కారు లెక్కలో బకాయిపడ్డ ఆ మనిషి ఈ లెక్కలో మాత్రం ఒక్కపూట బకాయి కూడా ఉంచుకోదలచలేదు.

ఈ తొందర ఆయనతో మొదలైంది కాదు. ప్రాణం పోయే వేళ కఫవాతపిత్తాలు గొంతుకు అడ్డుపడితే కృష్ణుణ్ని ఎలా తలచుకోగలనని ముకుందమాలలో కులశేఖరులూ బెంగపడ్డారు. మనసు ఈ రోజే ఆయన పాదాల దగ్గర చేరిపోవాలని వేడుకున్నారు. గీత ఎనిమిదో అధ్యాయం చివరి తలపును బట్టే తరువాతి గతి అని చెప్పి, ఆ వెంటనే అన్ని వేళలా స్మరించమనీ, యుద్ధం కూడా చేయమనీ అర్జునుణ్ని పురమాయిస్తుంది.

అయినా ఒక సందేహం తొలుస్తూనే ఉంటుంది. పూర్తిగా నమ్మినవాడికి ముందుజాగ్రత్త దేనికి? జాగ్రత్త పడుతున్నాడంటే నమ్మకం ఆ మేరకు తక్కువైనట్టు కాదా? నమ్మకానికీ తనిఖీకీ పొసగదన్న ఈ అభిప్రాయం చాలామంది భక్తుల్లో ఉంది. దాన్ని అనుకూలంగా వాడుకునే బద్ధకం అంతకంటే ఎక్కువమందిలో ఉంది. ప్రాణాలన్నీ ఒక గుడ్డ మీద పెట్టి ఆకాశంలోంచి దూకేవాళ్లు ఈ సందేహాన్ని ఎలా తీర్చుకున్నారో చూస్తే, మన ఆచార్యులు చెప్పిన శరణాగతి శాస్త్రం కొంత తేటపడుతుంది.

స్కైడైవర్ వీపున ఉండే సంచిలో పారాచూట్లు రెండుంటాయి. మొదటిది మెయిన్. దాన్ని ప్రతి జంప్ తరువాతా దూకేవాడే మడుచుకుంటాడు, లేదా ఇంకొకరితో మడిపించుకుంటాడు. రెండోది రిజర్వ్. మొదటిది మొరాయించినప్పుడు విచ్చుకోవలసిన ఈ రెండో గొడుగును ఎవరు పడితే వాళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు. అమెరికా చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న రిగ్గర్ దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి, దారం కట్టి, తన గుర్తు ఉన్న సీసపు ముద్ర వేయాలి. తేదీ రాసి చీటీ మీద సంతకం పెట్టాలి. ఆ ముద్రకు ఆయుష్షు 180 రోజులు. తరువాత ఆ గొడుగు ఒక్కసారి కూడా తెరుచుకుని ఉండకపోయినా మొత్తం పని మొదటికొస్తుంది.

మెయిన్‌ను పురుషప్రయత్నం అనుకుంటే రిజర్వ్‌ను కృప అనుకోవచ్చు. ఒకటి మన చేతి మడత, ఇంకొకటి మనం మడవలేనిది. దూకేవాడు ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ వదిలేసి విమానం ఎక్కడు. ప్రయత్నం గొప్పదా, దైవం గొప్పదా అని మనం రచ్చబండ మీద శతాబ్దాలుగా వాదించుకుంటున్నాం. వీపున సంచి తగిలించుకున్నవాడికి ఆ వాదానికి తీరిక లేదు. రెండింటి పట్టీలూ తన భుజాల మీదే ఉన్నాయి.

ఈ సంచిలో ఇంకో చిన్న పరికరం ఉంటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోట్ రూపొందించగా 1991లో వాడుకలోకి వచ్చిన సైప్రెస్ ఈ తరహా పరికరాల్లో బాగా పేరుపడింది. దూకినవాడికి స్పృహ తప్పవచ్చు, గాలిలో మరొకరు తగిలి చేతులు పనిచేయకపోవచ్చు, గిరగిర తిరుగుతూ ఎత్తు మరిచిపోవచ్చు. అలా నేలకు సుమారు 225 మీటర్ల దాకా వచ్చేసినా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతూనే ఉంటే, ఈ పరికరం రిజర్వ్‌ను మూసి ఉంచిన తాడును తానే కోసేస్తుంది. పడేవాడు ఏమీ చేయనక్కర్లేదు, అసలు చేసే స్థితిలోనే లేడు. అయితే ఒక షరతు ఉంది. నేలమీద ఉండగా, ఒళ్లు తెలిసి ఉండగా, ఎగరబోయే ముందు దాన్ని ఆన్ చేసి ఉండాలి. అప్పుడది అక్కడి గాలి ఒత్తిడిని కొలుచుకుని నేల ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత మనిషి మరిచినా అది మరవదు.

ఇలాంటి హామీ మనకూ ఉంది. శ్రీవైష్ణవులు శరణాగతికి ఆధారంగా చెప్పే మూడు చరమశ్లోకాల్లో వరాహమూర్తిది ఒకటి. భూదేవికి స్వామి ఇచ్చిన మాటగా సంప్రదాయం దాన్ని చెప్పుకుంటుంది. మనసు కుదురుగా, శరీరం చక్కగా, ధాతువులు సమంగా ఉన్న రోజుల్లో తనను తలచుకున్నవాడు, ఆఖరి గడియలో కట్టెలా రాయిలా పడి ఉంటే, వాణ్ని తానే తలచుకుని పరమపదానికి తీసుకుపోతానన్నది దాని భావం. గీత చెప్పిన చోట చివరి స్మరణ జీవుడి బాధ్యత. ఇక్కడ ఆ బాధ్యత చేతులు మారింది. గోపన్న బెంగకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆ రోజు ఆయనకు గుర్తు రాకపోయినా ఫరవాలేదు, గుర్తుండవలసినవాడికి ఉంటుంది. కానీ ఆ మాట వర్తించేది ఒళ్లు బాగున్న రోజున తలచినవాడికి. యంత్రానికి కొలత తెలుసు, దయ తెలియదు. పోలిక అక్కడితో ఆగిపోవాలి. అయినా నేలమీద ఒక్కసారి చేసిన పని గాలిలో స్పృహ లేనివాణ్ని కూడా కాపాడుతుందన్న మర్మం రెండుచోట్లా ఒకటే.

ఈ పరికరం ఉంది కదా అని చేతులు ముడుచుకోమని ఏ శిక్షకుడూ చెప్పడు. అది లేనట్టే దూకు, నీ గొడుగు నువ్వే తెరువు అంటాడు. మన శాస్త్రంలోనూ ఈ హెచ్చరిక ఉంది. నామం ఎలాగూ కాపాడుతుందన్న ధీమాతో పాపానికి తెగించడాన్ని పద్మపురాణం పది నామాపరాధాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. చివరి క్షణాన కొడుకును నారాయణా అని పిలిచి తరించిన అజామిళుడి కథ విని ఊరట పొందవచ్చు. ఆ కథను ప్రణాళికగా పెట్టుకుని బతకడం వేరే సంగతి.

ఇక్కడిదాకా విషయం సులువే. అసలు చిక్కు మెయిన్ సగం తెరుచుకుని ఆగిపోయినప్పుడు వస్తుంది. తాళ్లు మెలిపడి, గుడ్డ ఒకవైపు ముడుచుకుపోయి, గొడుగు గిర్రున తిరుగుతుంటుంది. ఎంతో కొంత తెరుచుకుంది కదా, ఇంకాస్త లాగితే సర్దుకుంటుందేమో అన్న ఆశ పుడుతుంది. తన చేతులతో మడిచిన గొడుగు మీద మమకారమూ ఉంటుంది. ఆ క్షణాన నియమం మహా కఠినం. ముందు మెయిన్‌ను పూర్తిగా వదిలించుకో, తరువాత రిజర్వ్ లాగు. కుడివైపు పిడి మొదటిదాన్ని వదిలించడానికి, ఎడమవైపు పిడి రెండోదాన్ని తెరవడానికి. పాడైన మెయిన్ నెత్తిన ఉండగానే రిజర్వ్ తెరిస్తే, రెండూ ఒకదానికొకటి చుట్టుకుని రెండూ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. బిల్ బూత్ 1970ల్లో మూడు రింగుల అమరికను కనిపెట్టింది ఈ వదలడం ఒక్క లాగుడుతో అయిపోవడానికే. ఒకదానిలో ఒకటి దూరిన ఆ రింగులు మనిషి బరువంతటినీ అంచెలంచెలుగా తగ్గించి చివరికి ఒక చిన్న దారపు ఉచ్చు మీద నిలుపుతాయి. ఆ ఉచ్చు సడలితే అన్నీ సడలుతాయి.

వైష్ణవాచార్యులు ప్రపత్తిని, అంటే శరణాగతిని, వివరించేటప్పుడు బ్రహ్మాస్త్ర న్యాయం చెబుతారు. సుందరకాండలో ఇంద్రజిత్తు హనుమంతుణ్ని బ్రహ్మాస్త్రంతో కట్టాడు. అది చాలదనుకున్న రాక్షసులు నారతాళ్లు, చెట్ల పట్టలు తెచ్చి పైనుంచి మళ్లీ కట్టారు. ఇంకో కట్టు పడగానే అస్త్రం తనంతట తాను తప్పుకుంది. శరణాగతి కూడా అంతేనంటారు పెద్దలు. దానికి తోడుగా మన పాత తాడు ఒకటి ఉంచుకుందామంటే అది నిలవదు. మొసలి పట్టిన గజేంద్రుడు వెయ్యేళ్లు తన బలంతో పోరాడాడు. ఆ పోరాటాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, అది చేయవలసిందే. బలమంతా ఉడిగిపోయి, ఇక తన వల్ల కాదని ఒప్పుకున్నాకనే స్వామి కదిలాడు. భద్రాద్రి మూలమూర్తి చేతుల్లో శంఖం కుడివైపు, చక్రం ఎడమవైపు ఉంటాయి. భద్రుడనే భక్తుడికి దర్శనమివ్వడానికి వైకుంఠం నుంచి వచ్చే తొందరలో అవి తారుమారయ్యాయని అక్కడి స్థలపురాణం. తొందర ఆయన వంతు. మన వంతు తొందరపడకుండా సిద్ధం కావడం.

వదలడం ఆ క్షణంలో పుట్టే తెగువ అనుకుంటే పొరపాటు. కొత్తగా నేర్చుకునేవాళ్లను నేలమీదే పట్టీలతో వేలాడదీసి, కుడిపిడి చూడు, పట్టుకో, లాగు, ఎడమపిడి చూడు, పట్టుకో, లాగు అని చేతులకు అలవాటయ్యేదాకా చేయిస్తారు. గాలిలో ఆలోచించే వ్యవధి సెకన్లలో ఉంటుంది కాబట్టి, నిర్ణయం ముందే చేతుల్లోకి దిగి ఉండాలి. ‘నాది కాదు’ అనడం కూడా ఇలాగే సాధన చేయవలసిన పని. చిన్న నష్టం, చిన్న అవమానం, పెరటిగోడ తగాదా, ఇవన్నీ నేలమీద వేలాడే పట్టీల లాంటివే. వాటిలో ఒక్కసారీ వదలని పిడికిలి ప్రాణం పోయేటప్పుడు దానంతటదే విడుతుందని ఎలా అనుకోగలం?

ఇప్పుడు రిగ్గర్ బల్ల దగ్గరికి వద్దాం. నైలాన్‌కు ఎండ శత్రువు, ఆమ్లం శత్రువు, తడి కూడా మంచిది కాదు. ఆయన ఒక్కొక్క కుట్టూ, ఒక్కొక్క తాడూ వేళ్లతో తడిమి చూస్తాడు. మడిచేటప్పుడు సంచి నోరు తాత్కాలికంగా బిగించి ఉంచడానికి చిన్న పిన్నులు, క్లిప్పులు వాడతాడు. పని మొదలుపెట్టేముందు వాటిని లెక్కపెట్టుకుంటాడు, అయ్యాక మళ్లీ లెక్కపెడతాడు. ఒక్కటి తగ్గినా ముద్ర వేయడు. మడత కుదరడానికి సాయపడిన ఆ పిన్నే లోపల ఉండిపోతే, రేపు గొడుగును తెరుచుకోనివ్వకుండా పట్టేస్తుంది. సాధనలో ఉన్నవాళ్లు ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. జపసంఖ్య, నియమం, దీక్షావస్త్రం, మా గురువు మా సంప్రదాయం అన్న అభిమానం, ఇవన్నీ మనసును మడతలో ఉంచడానికి అవసరమైన పిన్నులే. వాటిని తీసేయవలసిన రోజున తీయకపోతే, కాపాడవలసినవే బిగబట్టేస్తాయి.

అమెరికా సైన్యంలో పారాచూట్లు మడిచేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. తాము మడిచిన ఏ పారాచూట్‌తోనైనా, ఎప్పుడు దూకమంటే అప్పుడు తామే దూకడానికి సిద్ధంగా ఉండాలి. నాణ్యతకు ఇంతకు మించిన తనిఖీ ఇంకేం కావాలి? ఇంకొకడి ప్రాణాన్ని మడుస్తున్నానన్న భావన సడలకుండా ఉండటానికి, అది నీ ప్రాణమే కావచ్చునని గుర్తుచేశారు. ప్రవచనాలు చెప్పేవాళ్లకు కూడా ఈ కట్టుబాటు ఉంటే బాగుండేది. ఎదుటివాడికి ఇచ్చిన ఊరట మాట రేపు మన ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మనల్ని మోయగలదా అని చూసుకుని చెప్పాలి.

180 రోజుల నియమం దగ్గర ఒక శాస్త్రచర్చ కూడా ఉంది. విభీషణుడు వచ్చిన రోజున రాముడు చెప్పిన చరమశ్లోకంలో ఒక్కసారి శరణంటే చాలు, అభయమిస్తానన్న హామీ ఉంది. ప్రపత్తి జీవితంలో ఒకసారి చేసేదే, మళ్లీ మళ్లీ చేస్తే మొదటిసారి నమ్మలేదని అర్థమని ఆచార్యులు గట్టిగా చెప్పారు. అలాంటప్పుడు ఈ నిత్యపూజ, నిత్యపారాయణ దేనికి? మాట పాతబడదు, గుడ్డ పాతబడుతుంది. హామీ ఇచ్చినవాడి వైపు లోపం లేదు కనుక అక్కడ మళ్లీ అడగవలసింది ఏమీ లేదు. మనసుకు మాత్రం ఎండ తగులుతుంది, తడి తగులుతుంది, ఒకే మడతలో చాలాకాలం ఉంటే ఆ గీతలు అలాగే పడిపోతాయి. పూట పూటా విప్పి చూసుకోవడం హామీని పరీక్షించడం కాదు, దాన్ని అందుకునే గుడ్డను బాగు చేసుకోవడం.

మడిచిన గొడుగు సరే, దూకడం ఎవరు నేర్పాలి? ముండకోపనిషత్తు గురువుకు రెండు లక్షణాలు పెట్టింది. శాస్త్రం విని ఉండాలి, విన్నదానిలో నిలిచి ఉండాలి. అమెరికా పారాచూట్ అసోసియేషన్ నియమాలు చదివితే ఈ రెండూ అంకెల్లో కనిపిస్తాయి. శిష్యుణ్ని తన ఒంటికి కట్టుకుని దూకే టాండెమ్ శిక్షకుడికి కనీసం మూడేళ్ల అనుభవం, 500 జంప్‌లు ఉండాలి. శిష్యుడి పక్కనే పడుతూ నేర్పే శిక్షకుడికి ఆరు గంటల ఫ్రీఫాల్ ఉండాలి. ఒక జంప్‌లో అది నిమిషం లోపో అటూఇటుగానో ఉంటుంది కాబట్టి, ఆరు గంటలు కూడటానికి వందల జంప్‌లు కావాలి. అతణ్ని పరీక్షించేటప్పుడు పరీక్షకులే చేతకాని శిష్యుల్లా నటించి గాలిలో గందరగోళం చేస్తారు. ఆ అర్హత ఒకసారి వస్తే జన్మకంతా ఉండదు, ఏటేటా నిలబెట్టుకోవాలి.

ఒంటికి కట్టుకుని దూకడం, పక్కన పడుతూ నేర్పడం, ఈ రెండు పద్ధతులూ మనకు కొత్తవి కావు. పిల్లి తన కూనను నోటకరుచుకుని మోసే మార్జాలకిశోర న్యాయం మొదటిది, కోతిపిల్ల తల్లిని తానే పట్టుకునే మర్కటకిశోర న్యాయం రెండోది. తెంగలై, వడగలై సంప్రదాయాలు ఈ రెండింటి మీద విడిపోయాయి. ఆకాశంలో మాత్రం రెండూ ఒకే బడిలో పక్కపక్కనే నడుస్తున్నాయి. ఎవరికి ఏది తగునో శిష్యుణ్ని చూసి గురువు నిర్ణయిస్తాడు. పక్కన పడుతూ నేర్పేవాడు మొదట గట్టిగా పట్టుకుంటాడు, మెట్టు మెట్టుకూ పట్టు సడలిస్తాడు, చివరికి చేయి వదిలి కొంచెం దూరంలో నిలిచి చూస్తాడు. ఎంతకీ వదలని గురువుకు ఆ విద్య రానట్టే.

ఇలాంటి గురువుకు మన అడవి అంచునుంచే ఒక ఉదాహరణ ఉంది. 2014 మే 25న టిబెట్ వైపునుంచి ఎవరెస్ట్ శిఖరం చేరిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఒకరు. ఆమెకు అప్పటికి పధ్నాలుగేళ్లు నిండలేదు. రెండోవారు భద్రాచలానికి ఎగువన గోదావరి పక్కన ఉన్న చర్ల మండలం నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, సైకిళ్లు బాగుచేసే తండ్రి కొడుకు. అంతకుముందే ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన బాచినేపల్లి శేఖర్‌బాబు వాళ్లకు శిక్షణ ఇచ్చారు. మొదటి పాఠాలు భువనగిరి కోట ఉన్న రాతిగుట్ట మీద, తరువాతివి డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో. ఉపనిషత్తు చెప్పిన రెండో లక్షణం ఇక్కడ కళ్లకు కట్టినట్టుంది. దారి చూపినవాడు ఆ దారిన పోయివచ్చినవాడు.

మంచుకొండ మీద కట్టిన తాడు పట్టుకుని ఎక్కేవాళ్లకు ఒక నియమం నేర్పుతారు. తాడు ముడి దగ్గర ఒక కొక్కెం తీసి అవతలికి మార్చాలంటే, ఇంకో కొక్కెం ముందే తగిలి ఉండాలి. ఏ క్షణంలోనూ తాడుతో సంబంధం తెగకూడదు. పడేవాడికి చెప్పిన నియమం దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ పాతదాన్ని మొత్తం తెంచుకోమన్నారు. రెండూ నిజమే. సాధన కొండ ఎక్కడం లాంటిది, అందులో ఒక ఆధారం దొరకకుండా ఇంకోటి వదలరాదు. సంధ్యావందనం మానేసి ఇంకా రాని సమాధి కోసం ఎదురుచూసేవాడు రెండు కొక్కేలూ తీసేసినవాడు. ప్రపత్తి పడిపోతున్నవాడి ధర్మం, అందులో సగం పట్టు ప్రాణాంతకం. తను ఎక్కుతున్నాడో పడుతున్నాడో శిష్యుడికి చాలాసార్లు తెలియదు. అది చెప్పగలవాడే గురువు.

ఇంత శ్రమపడి మడిచిన రిజర్వుల్లో చాలావాటికి ఆకాశం చూసే అవసరమే రాదు. అవి రిగ్గర్ బల్ల మీదే విచ్చుకుని, అక్కడే మళ్లీ ముడుచుకుంటాయి. ఆ పని వృథా అని ఏ రిగ్గరూ అనుకోడు. దూకినవాడు ఆ నిమిషంపాటు గాలిని, మబ్బును, కిందనున్న ఏటిని కళ్లారా చూడగలిగాడంటే వీపు వెనక సంగతి మరిచిపోగలిగాడు కాబట్టే. వేదాంతదేశికులు శరణాగతిని భరన్యాసం అన్నారు, మన రక్షణభారం స్వామి దగ్గర దించేయడం అని దాని అర్థం. భారం దించినవాడు పని మానేస్తాడని భయపడేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. కృష్ణుడు స్మరించమన్న వాక్యంలోనే యుద్ధమూ చేయమన్నాడు. తన గతి ఏమవుతుందోనన్న బెంగలో ఉన్నవాడు ఎప్పుడూ ఒక చెయ్యి గుండె మీద పెట్టుకునే ఉంటాడు. వేళకు విప్పి, సరిచూసి, మడిచి, ముద్రవేసి లేచినవాడికి రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ముసలితల్లికి అన్నం కలిపి పెట్టడానికి, పొరుగువాడి బరువు ఎత్తిపెట్టడానికి, ఈ పూట పొలంలోనో ఆఫీసులోనో మిగిలిన పని ముగించడానికి ఆ రెండు చేతులూ కావాలి.